కుడి చెవి వైపు

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. సాయంత్రం జపమాల అయ్యాక వరండాలో లైటు కింద కూర్చుని రెండుసార్లు చదివాను. అన్నీ నెమ్మదిగానే రాశావు గానీ ఒక్క వాక్యం కింద మాత్రం పెన్ను నొక్కి గీత గీశావు. "నాలుగేళ్లు నర్సింగ్ చదివి, ఏడాది పాటు ఒక్క పేషెంటు చెయ్యి కూడా పట్టుకోకుండా కూర్చోవాలా సిస్టరత్తా?" అని.

కూర్చోవాలమ్మా.

వ్రతాలకు ముందు శిక్షణ కాలమైన నోవీషియేట్ పన్నెండు నెలలకు తగ్గకూడదని శ్రీసభ చట్టమే చెబుతుంది. ఆ పన్నెండు నెలలూ నోవీషియేట్ ఇంట్లోనే గడవాలి. తర్వాత మొదటి వ్రతాలు, అవి మూడేళ్లకు తగ్గకుండా. నిత్య వ్రతాలు ఆ తర్వాతి మాట. నోవిస్‌గా ఉన్నంతకాలం ఇది నా దారి కాదనిపిస్తే ఏ రోజైనా పెట్టె సర్దుకుని రావచ్చు, తలుపు తీసే ఉంటుంది. నీ వయసులో నాకూ ఇన్ని మెట్లు ఎందుకో తెలియలేదు. వార్డుకు ఎప్పుడు పంపుతారా అని క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటూ ఆ ఏడాదిని వెళ్లదీశాను. అందుకు ఏం పోగొట్టుకున్నానో నీకు చెప్పాలి. మీ నాన్నకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

మొదటి వ్రతాలు కాగానే నన్నొక చిన్న ఊరి ఆసుపత్రికి వేశారు. కాన్వెంటులో ఐదుగురం. కాన్పుల వార్డు నాది. రాత్రనక పగలనక చేశాను. చిన్న సిస్టర్ చెయ్యి మంచిదని చుట్టుపక్కల ఊళ్లలో పేరొచ్చింది. ఇంట్లో ఒక పెద్ద సిస్టర్ ఉండేవారు, స్టోరు తాళాలు ఆవిడ దగ్గరే. చివర వచ్చినదాన్ని కాబట్టి భోజనం బల్ల దగ్గర మిగిలిన కుర్చీ నాకిచ్చారు. అది ఆవిడకు ఎడమ పక్కన. "సిస్టర్, పచ్చడి ఇటిస్తారా" అంటే పలికేవారు కాదు. "వార్డులో దూది అయిపోయింది" అంటే కంచంలోకి చూస్తూ తినేవారు. మిగతా ముగ్గురితో మాత్రం నవ్వుతూ మాట్లాడేవారు. నేనంటే చిన్నచూపని తేల్చేసుకున్నాను. నేనూ మాట మానేశాను. దూది కావాలన్నా, స్పిరిట్ కావాలన్నా చీటీ రాసి ఆయాతో పంపేదాన్ని. భోజనం గంట కొట్టే వేళకు కావాలనే వార్డులో ఏదో పని పెట్టుకునేదాన్ని. పేషెంట్ల కోసం అన్నం కూడా మానుకుంటోందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ నమ్మాను. అలా ఏడాదిన్నర.

ఒక వానాకాలం భోజనాల గది కారితే బల్లను గోడకు జరిపారు. కుర్చీలు తారుమారై నేను ఆవిడకు కుడివైపు పడ్డాను. నాలో నేను గొణుక్కున్నట్టు "పప్పులో ఉప్పు తగ్గింది" అన్నాను. ఆవిడ వెంటనే ఇటు తిరిగి, "అవునా అమ్మా, నేనే వేశాను, మర్చిపోయుంటా" అన్నారు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆవిడకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు చీము పట్టి పోయిందట. మిగతావాళ్లకు ఆ సంగతి తెలుసు. నాకూ తెలుసనే అనుకున్నారు.

తల్లి కడుపు మీద ఫీటోస్కోప్ ఆనించి, వార్డంతా కేకలు పెడుతున్నా బిడ్డ గుండె చప్పుడు పట్టేదాన్ని చిట్టీ. బల్ల దగ్గర పక్కనే కూర్చునే మనిషికి ఒక చెవి వినపడదని పట్టలేకపోయాను. ఆ ఏడాదిన్నరా రోజూ దివ్యపూజకు వెళ్లాను, సత్ప్రసాదం తీసుకున్నాను. సమాధానం చెప్పుకునే వేళ ఆవిడ వైపు తిరిగి చేతులు కూడా జోడించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ సాయంత్రం ఆవిడ వంటింట్లో బియ్యం ఏరుతుంటే వెళ్లి, ఈసారి చూసుకుని కుడివైపు కూర్చున్నాను. అంతా చెప్పేశాను. "నీకు పనెక్కువ కదా, అలసిపోయి మాట్లాడవనుకున్నానమ్మా" అన్నారు. చేట నా వైపు జరిపారు. ఇద్దరం కలిసి ఏరాం.

పక్క మనిషిని పట్టించుకోవడం నేర్చుకునే వ్యవధి, నోవీషియేట్‌లో నీకు దొరికేది ఇదే. అక్కడ రోగులుండరు, నీ చెయ్యి మంచిదనేవాళ్లుండరు. నువ్వు ఎంచుకోని పదిమంది పిల్లలు, ఒకే వంటిల్లు, ఒకరి దగ్గు ఇంకొకరి నిద్ర చెడగొట్టేంత దగ్గరగా మంచాలు. ఒకమ్మాయి బకెట్టు నింపకుండా వదిలేస్తుంది. ఇంకొకమ్మాయి ప్రార్థనలో గొంతు సవరించుకుంటూనే ఉంటుంది. పారిపోవడానికి వార్డు ఉండదు. ఫ్రాన్సులో లిసియు మఠంలో ఉన్న పునీత చిన్న తెరేజమ్మ బట్టలుతికే చోట ఎదురుగా ఉన్న సిస్టర్ మురికినీళ్లు మొహాన చిందిస్తుంటే వెనక్కి జరగకుండా నిలబడటం నేర్చుకున్నానని తన కథలో రాసుకుంది. 24 ఏళ్లకే, 1897లో, ఆ నాలుగు గోడల మధ్యనే పోయింది. ఏ మిషన్ దేశానికీ వెళ్లని ఆ పిల్లను శ్రీసభ 1927లో మిషన్లకు పాలక పునీతురాలిగా నిలిపింది. ఊరికే నిలపలేదు.

చేసే సేవ ఆలస్యమైపోతుందని నీ బెంగ. గుంటూరు జె.ఎం.జె. సభ సిస్టర్, డాక్టర్ మేరీ గ్లౌరీ గురించి చదువు. మన సభ కాకపోయినా, ఈ నేల మీద ఆసుపత్రిలో నిలబడే ప్రతి సిస్టరూ ఆవిడకు రుణపడి ఉంది. 1887లో ఆస్ట్రేలియాలో పుట్టి, మెల్‌బోర్న్‌లో కంటి డాక్టరుగా స్థిరపడిన మనిషి. మగ డాక్టరుకు చూపించుకోలేక మన దేశంలో ఆడవాళ్లు, పసిబిడ్డలు చనిపోతున్నారని 1915లో ఒక చిన్న పుస్తకంలో చదివి, తన పిలుపు ఇదేనని తెలుసుకున్నారు. తెలిసింది 1915లో, గుంటూరు చేరింది 1920లో. యుద్ధం, ఎదురుచూపు. ఆ మధ్యలోనే ఎం.డి. కూడా పూర్తిచేశారు. అప్పట్లో మఠకన్యలు వైద్యం చేయడానికి రోము ఒప్పుకునేది కాదు, ఆవిడకు పోపు 15వ బెనెడిక్ట్ ప్రత్యేకంగా అనుమతిచ్చారు. సిస్టర్లందరికీ ఆ తలుపు తెరుచుకున్నది 1936లో. 1943లో ఆవిడ మొదలుపెట్టిన కాథలిక్ ఆసుపత్రుల సంఘం ఇవాళ సికింద్రాబాద్ నుంచి నడుస్తోంది, అందులో 3,000కు పైగా సంస్థలున్నాయి. 1957లో బెంగుళూరులో కన్నుమూశారు. చేతిలో అంత విద్య ఉండి ఐదేళ్లు ఆగారు. నువ్వు ఒక్క ఏడాది ఆగలేవా తల్లీ?

జీతం గురించి అడిగావు. వ్రతాలయ్యాక నువ్వు సంపాదించేదంతా సభదే, అందులో దాపరికం లేదు. అమ్మ షుగరు మందుల సంగతి నీ మనసులో ఉంటే, చేరకముందే సుపీరియర్‌తో విప్పి మాట్లాడు. చేరాక చాటుగా బాధపడటం వద్దు.

ఇంకొకటి. ఇది రాయడానికి రెండు రోజులు ఆలోచించాను. ఐరోపాలో చాలా మఠాల్లో చదువుకున్న సిస్టర్లు ఒక తరగతి, వంటా, ఊడ్చే పనీ చేసేవాళ్లు ఒక తరగతిగా ఉండేవాళ్లు. సిస్టర్లంతా ఒకే తరగతిగా ఉండాలని 1965లో రెండో వాటికన్ మహాసభ తేల్చి చెప్పింది. మన దగ్గర గీత ఇంకోచోట ఉంటుంది. ఇంటిపేరేమిటి, ఊళ్లో ఏ వైపు ఇల్లు అంటూ తియ్యగా కూపీ లాగేవాళ్లు గుడి నీడలో కూడా ఉంటారు. నువ్వు ఎవర్నీ అడగకు. నీ దగ్గర ఎవరైనా ఆ మాటెత్తితే లేచి వెళ్లిపోవద్దు. అక్కడే కూర్చుని, ఈ మాట నా దగ్గర వద్దని మొహం మీదే చెప్పు. పెద్ద సిస్టరైనా సరే. విధేయత వ్రతం దీనికి అడ్డు రాదు.

నాన్న సంగతి. తమ్ముడు నాతో సరిగా మాట్లాడటం లేదు. "నువ్వెళ్లింది చాలక దాన్నీ లాక్కుపోతున్నావా అక్కా" అన్నాడు. నేను పిలవలేదని వాడికీ తెలుసు. అయినా ఆ కోపం ఎవరో ఒకరు మొయ్యాలి, నేను మోస్తాను. నువ్వు మాత్రం వాడికి ఎదురుచెప్పకు. నేను కాన్వెంటుకు వెళ్లిన రోజు మీ నానమ్మ బస్సు దాకా వచ్చి, కొంగు ముడి విప్పి, నలిగిన పది రూపాయల నోట్లు రెండు నా చేతిలో పెట్టబోయింది. సర్వం వదిలి వెళుతున్నాననే ఊపులో నేను తీసుకోలేదు. ఆవిడ మళ్లీ ముడేసుకుంటుంటే వేళ్లు వణికాయి. బస్సు కిటికీలోంచి చూశాను. తీసుకోవాల్సింది చిట్టీ.

అందుకని వెళ్లే ముందు ఒక వారం ఇంట్లో ఉండు. నాన్నతో కలిసి పొలానికి వెళ్లు. అమ్మ గోంగూర పచ్చడి జాడీ కట్టిస్తే బరువని వద్దనకు. తీసుకెళ్లి నోవీషియేట్ బల్ల మీద అందరి మధ్యా పెట్టు.

ప్రార్థనలతో,
నీ సిస్టరత్త