మిత్రలాభము: పిల్లలకు బొమ్మలతో చెప్పదగిన పాఠము

మన మందిరములలో సమవసరణ చిత్రము చూడని పిల్లవాడు అరుదు. అందులో సింహము, ఆవు ఒకే తొట్టిలో నీరు త్రాగుచుండును. ఆవుకు భయము వేయలేదా యని పిల్లవాడు అడుగును. దానికి సమాధానముగా చెప్పదగిన కథ మిత్రలాభము. పంచతంత్రమును 1199లో పూర్ణభద్రుడను జైనముని సంస్కరించి వ్రాసెను. తెలుగువారికి ఈ కథను 1853లో చిన్నయసూరి నీతిచంద్రికలో అందించెను. ఇచట చెప్పునది హితోపదేశములోని తీరు.

లఘుపతనకమను కాకి, హిరణ్యకుడను ఎలుక వాకిట నిలిచి స్నేహము కోరెను. తినువానికిని తినబడువానికిని చెలిమి ఏమిటని ఎలుక కాదనెను. అందుకు ఒక కథ చెప్పెను. ఆ కథలో ఒక నక్క లేడితో చెలిమి చేయ వచ్చును. లేడికి పాత స్నేహితుడైన వేరొక కాకి, క్రొత్తవానిని నమ్మవద్దని పిల్లికథ చెప్పును.

ఒక జువ్విచెట్టు తొర్రలో గ్రుడ్డి ముసలి గ్రద్ద ఉండెను. పక్షులు జాలిపడి తమ తిండిలో తలా కొంచెము పెట్టుచుండెను. ఒక పిల్లి వచ్చి, మాంసము మానితిననియు, వ్రతము పట్టితిననియు గ్రద్దను నమ్మించి చేరెను. (మాంసము మానితిననుట ఒక్కటే మంచితనమునకు పూచీ కాదని మన ఇండ్లలో మరీ చెప్పవలెను.) పిల్లి పక్షికూనలను తిని, ఎముకలు తొర్రలో వేసి పారిపోయెను. పక్షులు గ్రద్దను చంపినవి.

పెద్దలు తరచుగా ఇక్కడనే ఆపి, ముక్కుమొగము తెలియనివానికి చోటీయరాదందురు. కాని ఆ గ్రద్దయు ఒకనాడు పరాయిదే గదా! నక్కయు ఆ కాకిని అదే అడుగును: మొదటినాడు నీవు మాత్రము లేడికి తెలిసినవాడవా యని. ఉదారులకు లోకమంతయు కుటుంబమను ప్రసిద్ధ శ్లోకము కూడ ఆ నక్క నోటనే ఉన్నది. మోసగాడు చెప్పెనని ఆ మాట చెడిపోదు. ఇన్ని చెప్పిన ఎలుకయే, కాకి వాకిట నిరాహారముగా ప్రాణము విడుతుననగా, బయటికి వచ్చెను. తరువాత ఒకరికొకరు ఆహారమిచ్చుకొనుచు, క్షేమమడుగుకొనుచు నమ్మకము పెంచుకొనిరి. చిన్న అరువులతో ఖాతా పెరిగినట్లే.

బళ్ళారి పిల్లలకు ఇది దూరపు కథ కాదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రరాష్ట్రమునకును, బళ్ళారి మైసూరునకును పోగా, ఇల్లు కదలకయే ఖాతాదారులు పరరాష్ట్రమువారైరి. మార్వాడు నుండి వచ్చిన కుటుంబములకును ఈ ఊరిలో ఎవరో ఒకరు తెలియకయే మొదటి ఇల్లు అద్దెకిచ్చియుందురు.

కాకియు ఎలుకయు మంథరకుడను తాబేటి చెరువుకు కాపురము మార్చిన పిమ్మట, చిత్రాంగుడను లేడి వేటగానికి వెరచి పరుగున వచ్చెను. దాని కులగోత్రములు ఎవరును విచారింపలేదు. ఎవరివలన భయమని మాత్రమడిగి, సొంత ఇల్లనుకొని ఉండుమనిరి. బొమ్మల పుస్తకము వేయించువారు ఈ రెండింటిని ఎదురెదురు పుటలలో వేయవలెను: వాకిట నిలబడిన కాకి, లోనికి పిలువబడిన లేడి.

తరువాత తాబేలు వేటగానికి చిక్కెను. ఆ లేడియే నీటి దాపున చచ్చినట్లు పడుకొనెను; కాకి దానిపై వ్రాలి ముక్కుతో పొడుచుచుండెను. వేటగాడు తాబేటిని క్రింద పెట్టి కత్తితో అటు నడిచెను. ఎలుక త్రాడు కొరికెను. తాబేలు నీట మునిగెను. వేటగాడు దగ్గరకు వచ్చునంతలో లేడి లేచి పరుగెత్తెను.