కృత్రిమ పచ్చిక : ఏ పోగు మేలు?

భీమవరము ప్రాంతమున మడిని ఆటస్థలమునకై కౌలునకు అడుగువారు వచ్చినచో, వారు పరచు కృత్రిమ పచ్చిక దేనితో చేయబడినదో రైతు ముందుగా విచారింపవలెను. ముఖ్యముగా వాడబడు పదార్థములు మూడు. మూడును మన యింటనున్నవే.

ఎరువు బస్తా తరచు పాలీప్రొపిలీనుతో నేసినది. ఎండలో విడిచిన బస్తా పొడియై రాలుట మన మెఱుంగుదుము. దీని పచ్చిక చవుక. ఎండకు తట్టుకొను ద్రవ్యము చాలినంత కలుపనిచో దానికిని అదే గతి. చేపల వలకు వాడు నైలాను మిక్కిలి గట్టిది; త్రొక్కిన పోగు మరల లేచును. 1966లో అమెరికాయందలి హ్యూస్టను క్రీడామందిరమున పరచినది యిదియే. వెల హెచ్చు, పడినవాని మోకాలు దోకును. ధాన్యపు రాశిపై కప్పు బరకము పాలిఎథిలీను. మెత్తనిది, నీరు పీల్చదు. కాని త్రొక్కుడునకు పడిపోవును. అందుచే పోగుల నడుమ ఇసుకయో రబ్బరు పొడియో నింపుదురు.

పాలిఎథిలీను పోగు, ఇసుక నింపుడు మేలని మా యభిప్రాయము. పాత టైర్ల పొడి వానకు బోదెలోనికి, అటనుండి యనమదుర్రు డ్రెయినులోనికి పోగలదు. ఐరోపా కూటమి 2023లో అట్టి పొడి అమ్మకమును ఎనిమిదేండ్ల గడువుతో నిషేధించినది. ఇక ఏ పోగైనను మంటిలో కుళ్లదు. గడువు తీరిన పిమ్మట పచ్చికను చుట్టి కొనిపోవుటయు, అడుగున పోసిన కంకర నెత్తుటయు కౌలుదారుని వంతేయని పత్రమున వ్రాయించుకొనవలెను.