లారీ మీద కరెంటు తేవచ్చా?



ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతుండగా కరెంటు పోయింది. జనరేటర్ వేయగానే ఒక విద్యార్థి అడిగాడు: "మేడమ్, వానలకు చంద్రగిరి అంతా కరెంటు పోతే, ఇట్లాంటిదే పెద్దది లారీ మీద తేలేరా?" స్వర్ణముఖి పొంగిన 2021 నవంబరు వాడికి ఇంకా గుర్తుంది. ఆ ప్రశ్ననే ఈ నెల మీ ఇంటికి పంపుతున్నాను.

తేవచ్చు. సహజవాయువుతో నడిచే టర్బైన్లను ట్రైలర్ల మీద బిగించి తెస్తారు. వీటిలో చాలావాటికి మూలం విమానం ఇంజినే. కంప్రెసర్ గాలిని పీల్చి గట్టిగా నొక్కుతుంది. ఆ గాలిలో గ్యాస్ మండుతుంది. వేడి వాయువులు టర్బైన్ రెక్కలను తిప్పుతాయి. దానికి కలిపిన జనరేటర్ కరెంటు ఇస్తుంది. అంటే రసాయన శక్తి ఉష్ణంగా, ఉష్ణం యాంత్రిక శక్తిగా, అది విద్యుత్తుగా మారుతుంది. పరీక్షలో అడిగే శక్తి రూపాంతరం ఇదే.

ఇలాంటి యంత్రం ఒక్కటి సుమారు 30 మెగావాట్లు ఇవ్వగలదు. ఒక్కో ఇల్లు ఒకేసారి 1 కిలోవాట్ వాడితే, అది 30,000 ఇళ్లకు సరిపోతుంది.

మరి ప్రతి ఊరికీ ఒకటి ఎందుకు పెట్టరు? జవాబు కాకినాడలో ఉంది. మంగళూరు దగ్గర తణ్ణీర్‌బావిలో జీఎంఆర్ సంస్థకు 220 మెగావాట్ల కేంద్రం ఉండేది. అది నేల మీద కాదు, నీటిపై తేలే బార్జి మీద కట్టినది. నాఫ్తాతో నడిచేది. 2010లో దాన్ని కాకినాడకు తరలించి, కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్‌తో నడిపారు. 2013 నాటికి గ్యాస్ సరఫరా బాగా తగ్గిపోయింది. రాష్ట్రంలోని మరికొన్ని గ్యాస్ కేంద్రాల మాదిరిగానే అదీ ఆగిపోయింది. ఒక తీరం నుంచి ఇంకో తీరానికి వచ్చిన కేంద్రం, ఇంధనం లేక నిలిచిపోయింది.

మా విద్యార్థికి చెప్పిన జవాబు ఇదే. యంత్రం కదిలితే చాలదు, గ్యాస్ కూడా రావాలి. వరదకు స్తంభాలు కూలితే ముందు వాటిని నిలబెట్టాలి. తీగ లేనిదే ఏ టర్బైనూ ఇంటికి వెలుగివ్వదు. పైగా శబ్దం ఎక్కువ, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. అందుకే ఇళ్ల మధ్య పెట్టడం మంచిది కాదు.

ఈ ఆదివారం పిల్లలతో ఇవి చేయించండి:

1. కాగితంతో గాలిమర చేసి, ఊదిన బెలూన్ గాలితో తిప్పించండి. టర్బైన్ రెక్కల పని అర్థమవుతుంది.

2. ఇంట్లోని ఫ్యాన్లు, లైట్లు, టీవీ, ఫ్రిజ్ వాట్లు కూడించండి. కరెంటు లేనప్పుడు తప్పనిసరిగా కావలసినవి ఏవో పిల్లలనే ఎంచమనండి.

3. వంటింటి సిలిండర్‌లోనిదీ సహజవాయువూ ఒకటేనా అని అడగండి. కాదు. సిలిండర్‌లో ప్రొపేన్, బ్యూటేన్ ఉంటాయి. సహజవాయువులో ఎక్కువగా ఉండేది మీథేన్.

జవాబులు సైన్స్ నోటుబుక్కులో రాయించి పంపండి. లెక్క తప్పినా దిద్దకండి, తరగతిలో కలిసి సరిచేసుకుంటాం.