మాటకు అర్థము – మాటకు వాక్యము

తునినుండి గాని అనకాపల్లినుండి గాని నర్సీపట్నము చేరిన ప్రయాణికుడు "ఏజెన్సీకి పోవు బస్సు ఏది?" అని అడిగినచో, అతనిని ఎవ్వరును వంటగ్యాసు ఆఫీసునకు పంపరు. ఘాటు రోడ్డెక్కి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు బస్సునే చూపుదురు. ఆ సీమలో ఏజెన్సీ యనగా కొండలు, అడవులు, కాఫీ తోటలు, గిరిజనుల పల్లెలు. అక్షరము నేర్వని అవ్వయు ఆ మాటను ఈ యర్థముననే వాడును. అది ఇంగ్లీషు మాట యని ఆమెకు తోచనే తోచదు. ఇంగ్లీషు చదువుకొను ఆమె మనుమడు మాత్రము నిఘంటువు తెరచి తెల్లబోవును. అందు కొండయు లేదు, అడవియు లేదు. ఒకరి పక్షమున పనిచేయుట, అట్లు పనిచేయు సంస్థ అని మాత్రమే యుండును. తప్పు నిఘంటువుదా, అవ్వదా?

తప్పు ఎవ్వరిదియు గాదు. ఆ రెండు అర్థముల నడుమ ఒక చరిత్ర యున్నది. 1830వ దశకమున గంజాము, విశాఖపట్టణము జిల్లాలలో కంపెనీ ప్రభుత్వముపై తిరుగుబాట్లు చెలరేగెను. మైదానపు కోర్టులును వాని పద్ధతులును కొండసీమలలో సాగవని ప్రభుత్వమునకు తోచి, 1839లో 24వ చట్టము చేయబడెను. దానివలన ఆ సీమలు సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తొలగి జిల్లా కలెక్టరు చేతికి వచ్చెను. అచ్చట అతడు వట్టి కలెక్టరు గాడు, గవర్నరునకు ఏజెంటు. అనగా గవర్నరు పక్షమున అధికారము నడపువాడు. ఏజెంటు ఏలుబడిలోని ప్రాంతము ఏజెన్సీ ప్రాంతమయ్యెను. జనుల నోట 'ప్రాంతము' రాలిపోయి 'ఏజెన్సీ' మిగిలెను. పిమ్మట కంపెనీ పోయెను, తెల్లదొరల ప్రభుత్వమును పోయెను. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు నర్సీపట్నము అనకాపల్లి జిల్లాలోను, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోను చేరినవి. మాట మాత్రము కొండ దిగలేదు.

ఈ మాటకు చుట్టములును గలరు. లాటిను భాషలో 'అగెరె' అను క్రియకు నడుపుట, చేయుట అని అర్థము. దానినుండి ఇంగ్లీషులో అనేక పదములు పుట్టినవి. 'యాక్షన్' అనగా చేత. 'యాక్టర్' అనగా అభినయము చేయువాడు. 'యాక్ట్' అనగా చేసిన పని. శాసనసభ చేసిన చట్టమును అదే. 'అజెండా' అనగా చేయవలసిన పనుల పట్టిక. 'ఏజెంట్' అనగా మరియొకనికి బదులుగా చేయువాడు. 1839 నాటి యాక్టు ఏజెంటును కన్నది, ఏజెంటు ఏజెన్సీని కన్నాడు. ముగ్గురును ఒక్క వంశమువారే! ఇట్లు చుట్టరికము తెలిసి నేర్చిన ఐదు మాటలు, గైడు పుస్తకము ముందు పెట్టుకొని రాత్రి వల్లించి తెల్లవారుసరికి మరచు ఇరువది మాటలకంటె మేలు.

చుట్టరికము తెలిసినను వాక్యము తెలియనిచో మాట వశము గాదు. 'రన్' అను చిన్న మాటను చూడుడు. దానికి పరుగెత్తుట అని అర్థము వ్రాసికొని విద్యార్థి తృప్తిపడును. "షి రన్స్ ఎ షాప్" అని పుస్తకములో కనబడగానే చిక్కు వచ్చును. ఆమె దుకాణమును పరుగెత్తించుచున్నదా? కాదు, నడుపుచున్నది. "ది రోడ్ రన్స్ టు చింతపల్లి" అన్నప్పుడు రోడ్డు చింతపల్లికి పోవుచున్నది. ఏరు 'రన్' అయినచో పారును. జలుబు చేసిన పిల్లవాని ముక్కు 'రన్' అయినచో కారును. ఉతికిన చీర రంగు 'రన్' అయినచో దిగును. బస్సు సంగతి మరియు వింత. తెలుగువారు ఆ దారిలో బస్సులు నడచుచున్నవి అందురు. ఇంగ్లీషువారు అవే బస్సులు పరుగెత్తుచున్నవి అందురు. గడియారము, బడి, సంసారము, అన్నియు తెలుగున నడచునవే. తెలుగు నడిపించినదానిని ఇంగ్లీషు పలుచోట్ల పరుగెత్తించుననుట ఒక్క వాక్యము చూచినవానికి తెలియును గాని, ఒక్క అర్థము వల్లించినవానికి తెలియదు.

ఒక మాట వెనుక అన్నమే చిక్కుకొనియుండుటయు గలదు. నర్సీపట్నము చుట్టుప్రక్కల 'రిజర్వు' అను మాట ఎరుగనివారు లేరు. ముందుగా తీసి దాచియుంచుట దాని మూలార్థము. రైలులో సీటు రిజర్వు చేయుదురు. 1935లో రిజర్వు బ్యాంకు ఏర్పడెను. మితముగా మాటలాడువానిని ఇంగ్లీషులో 'రిజర్వ్‌డ్' మనిషి యందురు. అతడు మాటలను లోపల దాచుకొన్నవాడు. ఈ మాట వచ్చిన వాక్యములో 'ఫర్' అను చిన్న విభక్తి తరచుగా వెంటనుండును: ఎవరికొరకు? సీటు విషయమున జవాబు చీటీపై యుండును. అడవి విషయమున ఏమైనది? 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిమ్మట ప్రభుత్వము అడవులకు హద్దులు వేసి రిజర్వు చేయసాగెను. కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనము చల్లుకొను పోడు సాగుపైనను, వంటచెరకు కలప తెచ్చుకొనుటపైనను ఆంక్షలు వచ్చెను. అడవి దాచబడినది, ఎవరికొరకు అన్న ప్రశ్నకు జవాబులో పోడు కొట్టువాని పేరు లేదు. కొండదారుల నిర్మాణములో సరియైన కూలి దక్కని బాధ దానికి తోడయ్యెను. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేసి ఆయుధములు కైకొనెను. మరునాడు కృష్ణదేవిపేటపై, ఆ మరునాడు రాజవొమ్మంగిపై. 'రిజర్వు' అనగా 'దాచుట' అని మాత్రమే నేర్చినవానికి ఈ కథ అంతయు ఆ మాటలో నుండగలదని తోచునా?

మాటను వాక్యముతో పట్టవలెనని బాగుగా ఎరిగినవాడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఇతడు 1798లో కలకత్తాలో పుట్టి, కంపెనీ ఉద్యోగియై 1817లో మద్రాసు చేరెను. నేటి విద్యార్థికి ఇంగ్లీషు ఎంత కొత్తయో అతనికి తెలుగు అంత కొత్త. కడప, మచిలీపట్టణము, రాజమహేంద్రవరములలో కొలువు చేయుచు పండితులను చేరదీసి తాళపత్రములు సేకరింపించెను. 1852లో వెలువడిన అతని తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో వట్టి అర్థములే గాక, కావ్యములనుండి తీసిన ఉదాహరణలును, జనుల నోటి పలుకుబడులును గలవు. పండితులు హీనమని త్రోసివేయు వాడుకమాటకును అతడు చోటిచ్చెను. పరభాష నేర్చువానికి ఏది కావలెనో పరభాష నేర్చినవానికే తెలియును గదా!

కనుక ఇంగ్లీషు మాటలు కూర్చుకొను విద్యార్థి నోటుపుస్తకములో ఒక మాటకు ఒక పుట విడిచిపెట్టుట మంచిది. అర్థము వ్రాయుటకు ఒక పంక్తి చాలును. తక్కిన పుట వాక్యములకు. అవి లండను పొగమంచు గూర్చియే ఉండనక్కరలేదు. లంబసింగి పొగమంచు గూర్చి వ్రాసినను ఇంగ్లీషు ఇంగ్లీషే. పుస్తకములో చదివిన వాక్యమొకటి, తాను కట్టిన వాక్యమొకటి ప్రక్కప్రక్కన వ్రాసి ఉపాధ్యాయునకు చూపినచో, తాను కట్టినదానిలోనే తప్పు దొరకును; నేర్పు మొలచు చోటును అదియే.

ఆ పుస్తకములో 'బ్యాండికూట్' అను మాటకు ఒక పుట తప్పక ఇయ్యవలెను. అది తెలుగు పందికొక్కే. నర్సీపట్నపు ధాన్యపు కొట్లలో బొరియలు త్రవ్వు ఆ జంతువు పేరు దొరల నోట పడి, రూపు మారి, ఇంగ్లీషు నిఘంటువులలో చేరినది. పిమ్మట ఓడలెక్కి ఆస్ట్రేలియా చేరి, అచ్చట కంగారువలె సంచిలో పిల్లలను పెంచు వేరొక జంతువునకు పేరైనది. ఆస్ట్రేలియాలోని విద్యార్థి ఆ మాటకు మూలము వెదకినచో, అతని నిఘంటువు అతనిని తెలుగుదేశమునకే పంపును.