పందొమ్మిదవ శతాబ్ది ఆంగ్ల నవలలో వృద్ధాశ్రయ ధర్మసంస్థలు

ఆంగ్లదేశమున ‘ఆమ్స్‌హౌస్’ అని వ్యవహరింపబడు ధర్మసంస్థను తెలుగున ‘సత్రము’ అనినచో అర్థము చెడును. సత్రము బాటసారికి, ఆమ్స్‌హౌస్ వృద్ధునకు. మొదటిదానిలో ఆశ్రయము ఒకటి రెండు దినములు, రెండవదానిలో మరణపర్యంతము. దాత విడిచిన ఆస్తి రాబడితో నియతసంఖ్యాకులైన వృద్ధులు అందు నివసించుచు బత్తెము పొందుచుందురు. దీనిని ‘వర్క్‌హౌస్’తో కలిపివేయుటయు పొరపాటే. 1834 నాటి పేదల చట్టము పిమ్మట వర్క్‌హౌస్ ప్రజలు చెల్లించు పన్నుపై నడచుచు, పేదలు అందు చేరుటకు జంకునంత కఠినముగ ఏర్పాటు చేయబడినది. డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’ (1837–39)లో చిత్రించినది దీనినే. అనువాదకుడు రెంటికిని ‘అనాథశరణాలయము’ అను ఒకే మాట వాడినచో, ఒకదానిలోని గౌరవము గాని, రెండవదానిలోని అవమానము గాని పాఠకునకు అందదు.

ఆమ్స్‌హౌస్‌ను కథాకేంద్రముగ గైకొన్న ప్రసిద్ధ నవల ఆంథొనీ ట్రాలప్ రచించిన ‘ది వార్డెన్’ (1855). ఆ కాలమున ధర్మనిధుల దుర్వినియోగము దేశమంతట చర్చనీయాంశమై యుండెను. వించెస్టరులోని సెయింట్ క్రాస్ ధర్మసంస్థ రాబడిని దాని అధిపతియైన గిల్‌ఫర్డ్ ప్రభువు అనుభవించుచుండెనను వివాదము న్యాయస్థానమున కెక్కెను. 1853లో ధర్మనిధుల చట్టము వెలువడెను.

నవలలో జాన్ హైరమ్ అను ఉన్నివర్తకుడు 1434లో మరణించుచు పన్నిద్దరు వృద్ధుల పోషణకై భూమి నొసగెను. కాలక్రమమున ఆ భూమి విలువ పెరిగెను. వృద్ధులకు దినమునకు 1 షిల్లింగు 4 పెన్సులు. అధికారియైన హార్డింగ్‌కు ఏటికి 800 పౌండ్లు. ఇతడు దోపిడికాడు కాడు. తన జేబునుండి ఒక్కొక్కరికి దినమునకు 2 పెన్సులు అదనముగ నిచ్చు సాధుశీలుడు. అన్యాయమును బయటపెట్టిన జాన్ బోల్డ్ ఆయన కుమార్తెను ప్రేమించినవాడు. పత్రిక నిందకంటె తన అంతరాత్మ ప్రశ్నకే ఎక్కువగ కలతచెంది హార్డింగ్ పదవిని విడుచును. అయినను వృద్ధులకు ఒరిగినది లేదు. ఏటికి నూరేసి పౌండ్లు వచ్చునని ఆశపడినవారికి ఉన్న ఆప్తుడు పోయెను. ఖాళీయైన స్థానములు నిండక, ఆశ్రమము పాడువడెను. వ్యవస్థలోని దోషమును వ్యక్తిపై మోపినచో సంస్కరణ ఎట్లు విఫలమగునో ఈ ముగింపు చూపుచున్నది.

ఇందే ట్రాలప్ డికెన్స్‌ను ‘పాపులర్ సెంటిమెంట్’ అను పేర పరిహసించి, ఆయనకు ‘ఆమ్స్‌హౌస్’ అను కల్పిత నవలను అంటగట్టెను. దుష్టుడైన అధికారి, దీనులైన వృద్ధులు అను సులభవిభజనమే ఆ పరిహాసమునకు గురి. కాని డికెన్స్ 1863లో టిట్‌బుల్ ఆమ్స్‌హౌస్‌ను గూర్చి వ్రాసిన వ్యాసమున ఆ విభజన కానరాదు. అచటి వృద్ధుల చిల్లర పంతములు, ఈర్ష్యలు, వారిలో ఒక స్త్రీ ముదిమిలో చేసికొన్న వివాహము హాస్యముతో వర్ణింపబడినవి. దానగ్రహీత అచట దయాపాత్రము మాత్రమే కాక, స్వభావముగల మనుష్యుడైనాడు.

థాకరే ‘ది న్యూకమ్స్’ (1853–55)లో ఈ సంస్థ భారతదేశముతో ముడివడినది. భారతదేశమున సైన్యోద్యోగము చేసిన కర్నల్ న్యూకమ్, బుందేల్‌ఖండ్ బ్యాంకు కూలుటతో సర్వస్వము కోల్పోయి, తాను బాల్యమున చదివిన గ్రేఫ్రయర్స్‌లోనే పేద ఆశ్రితుడుగ చేరి మరణించును. దానికి మూలము 1611లో థామస్ సట్టన్ స్థాపించిన లండను ఛార్టర్‌హౌస్. థాకరే విద్యాభ్యాసము చేసినదియు అచటనే. విద్యాలయము, వృద్ధాశ్రయము ఒకే ప్రాంగణమున నుండుటచే జీవితపు ఆద్యంతములు ఒకేచోట కలిసినవి. దానము స్వీకరించుట ఇచట అవమానము కాదు. అహంకారము తొలగిన గౌరవము.

ఈ మూడు రచనలలో తేలు ప్రశ్న ఒక్కటే: దాత సంకల్పము శతాబ్దుల పిమ్మట ఎవరికి చెందును? ఈ ప్రశ్న భారతీయులకు పరాయిది కాదు. దేవాలయములకు, మసీదులకు, సత్రములకు ఒసగిన ఆస్తులు దాతల ఉద్దేశమునకు విరుద్ధముగ వినియోగపడకుండ చూచుటకై మద్రాసు ప్రభుత్వము 1817లోనే 7వ రెగ్యులేషను చేసెను. సత్రము, ఆమ్స్‌హౌస్ రూపమున వేరైనను, ధర్మకర్త బాధ్యత విషయమున సజాతీయములు. అనువాదమున మాటలను వేరుచేసి, విమర్శలో ఈ సామ్యమును గుర్తించినప్పుడే ఈ నవలలు భారతీయ పాఠకునకు సన్నిహితములగును.