గడ్డి ధర కాటా మీద కాదు, కడుపులో తేలాలి

చిరంజీవి అబ్బాయికి,

ముండ్లమూరులో మూడు బర్రెల్ని తెచ్చి కట్టావనీ, గోకులం షెడ్డు కూడా లేచిందనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ నువ్వు ఫోన్లో అడిగింది ‘ట్రక్కు గడ్డి ఎంతకి కొనొచ్చు పెద్దమ్మా’ అని. ట్రక్కు లెక్కన అడిగితే అసలు ధర ఎప్పటికీ తెలియదు నాయనా. తొక్కి నింపిన ట్రక్కూ ట్రక్కే, ఒదులుగా పేర్చి ఎత్తు చూపించిన ట్రక్కూ ట్రక్కే.

మిషను కోతలు వచ్చాక గడ్డిని రోల్స్‌గా చుట్టి అమ్ముతున్నారు కదా. రోలు అరవై రూపాయలు అనుకో. నాలుగైదు రోల్స్ కాటా పెట్టించు. సగటున పదిహేను కిలోలు తూగితే కిలో నాలుగు రూపాయలు. దాన్ని విప్పి అట్నే గాడిలో వేశావనుకో, బర్రె మూతితో ఎగదోసి, కాళ్ల కిందకి లాక్కుని మూడు కిలోలు తొక్కేస్తుంది. లోపలికి పోయింది పన్నెండే. అంటే నీకు కిలో ఐదు రూపాయలు పడింది, అదీ బాడుగా కూలీ కలపకుండానే. గడ్డి తేలిక, కానీ చోటు తింటుంది. దూరం నుంచి తెస్తే బాడుగే గడ్డి ధరను మించిపోతుంది. కాళ్ల కింద పోయేది తగ్గాలంటే గడ్డిని ముక్కలు చేసి వెయ్యాలి. ముక్కలు కొట్టే మిషను సొంతంగా కొనలేకపోయినా, ఊళ్లో ఎవరి దగ్గరుందో కనుక్కో.

పచ్చిమేత ఉంటే బర్రెకు రోజుకు ఆరు కిలోల ఎండుగడ్డి వేసుకో. మూడింటికీ ఏడాదికి ఆరున్నర టన్నులు. ఇది సంక్రాంతి చుట్టుపట్ల, పొలాల్లో గడ్డి ఇంకా పరిచి ఉండగానే కొనాలి. మే నెలలో కొనేవాడు అమ్మేవాడి దయ మీద బతకాలి. మన భూములకు సాగర్ కుడికాలువ నీళ్లే ఆధారం. కాలువ రాకపోతే వరి లేదు, వరి లేకపోతే గడ్డి లేదు. 2023లో కృష్ణకు వరద లేక సాగర్ కింద వరి పడిపోయింది, గుర్తుందిగా. అలాంటి ఏడు డెల్టా గడ్డి కోసం ఎదురుచూడాలి. అందుకని నాలుగు నెలల మేత ఎప్పుడూ వామిలో మిగిలేట్టు చూసుకో.

కొనేముందు రోలు మధ్యకి చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలినా, ముక్క వాసన వేసినా, దులిపితే నల్లగా పొడి లేచినా వదిలెయ్. సగం ధరకిస్తానన్నా వద్దు. బూజు పట్టిన వరిగడ్డి తిన్న బర్రెలకు తోక చివర, చెవుల కొసలు ఎండి రాలిపోతాయి, గిట్టల దగ్గర పుండ్లు పడతాయి. డెగ్నాలా జబ్బని డాక్టర్లు అంటారు. పాడైన గడ్డిని పారెయ్యలేక కింద పరుస్తారు కొందరు. కింద పరిస్తే తినదా? ముందు దాన్నే తింటుంది!

వరిగడ్డిలో కడుపు నింపే గుణమే గానీ బలం లేదు, మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. మన వైపు కంది పొట్టు, శనగ పొట్టు దొరుకుతాయి. వాటిలో అంతకన్నా సారం ఉంటుంది. నాలుగు గోతాలు ఎక్కువ కొన్నా నష్టం లేదు. ఎండిన జొన్న చొప్ప దొరికితే మరీ మంచిది. పచ్చి జొన్న మాత్రం, ముఖ్యంగా వాన లేక గిడసబారింది, మేపమాక. నాము, అంటే ఆ పైరులోని విషం, తగిలితే బర్రె కాసేపట్లోనే పడిపోతుంది. వామి వేసేటప్పుడు వరసకూ వరసకూ మధ్య ఎండు జనుము పరిచేవాళ్లు మా అత్తగారు. ఇప్పుడు ఎవరూ వెయ్యడం లేదు, ఎందుకో నాకు అర్థం కాదు. వరిగడ్డికి బలం తెచ్చేందుకు యూరియా కట్టే పద్ధతీ ఉంది: నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై అరవై లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి చల్లి, పట్టా కప్పి గాలి చొరకుండా మూడు వారాలు ఉంచాలి. వేసేముందు కాసేపు ఆరబెట్టు, ఘాటు పోతుంది. ఆరు నెలల్లోపు దూడలకు పెట్టమాక. మొదటిసారి మీ పశువుల డాక్టరు ఎదురుగా చెయ్యి, యూరియా నీళ్లు బర్రె తాగిందంటే ప్రాణానికే ముప్పు.

ఇక పడక సంగతి. మట్టి కొట్టంలో దీని ఊసే లేదు, సిమెంటు గచ్చు వచ్చాకే మొదలైంది. ఉత్త గచ్చు మీద పడుకుంటే మోకాళ్లు ఒరుసుకుపోతాయి, తడి గచ్చు మీదైతే పొదుగువాపు వస్తుంది. దానికి మంచి గడ్డి కొని పరచమని చెప్పేవాళ్ల మాట వినమాక. గాడిలో మిగిలిన ఏరుడు గడ్డి ఉందే, అది ముక్కలు చేసి ఉంటే పడకకు అదే చాలు. మూత్రాన్ని బాగా పీలుస్తుంది. వడ్ల ఊక చవకని మిల్లు నుంచి తెస్తారు, కానీ అది తడిని పెద్దగా పట్టదు, దుమ్ము ఒకటి. రబ్బరు పరుపులు మంచివేగానీ మూడు బర్రెల పాలమీద వచ్చే డబ్బుకి ఇప్పుడే వద్దు. రాత్రి పరిచింది పొద్దున్నే తీసి దిబ్బలో వెయ్యి, తడిసిందే కదా అని బద్ధకించమాక. పశువు వదిలే నత్రజనిలో సగం దాకా మూత్రంలోనే పోతుంది. ఆ తడిగడ్డి దిబ్బ ఎరువుకు బలం. మిరప వేసేవాళ్లు వచ్చి అడుగుతారు, అప్పుడు తొందరపడి తక్కువకి ఇచ్చెయ్యకు.

వామి కరెంటు తీగల కింద వెయ్యకు. కింద రాళ్లో తాటి దుంగలో వేసి ఎత్తుగా లేపు. వచ్చే వారం బాబాయి ట్రాక్టరు అటు వస్తుంది, రెండు గోతాల శనగ పొట్టు పంపిస్తున్నా. ఒకేసారి పొయ్యకుండా గడ్డిలో కొంచెం కొంచెం కలిపి అలవాటు చెయ్యి.

మీ పెద్దమ్మ