ఎదురు చెప్పడమా, వాదించడమా? క్లాసులో ఆడే మూడు ఆటలు



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి వాళ్ల అమ్మగారు మార్కుల షీటు పక్కన పెట్టి అడిగారు: "మేడం, ఇంగ్లిష్ పీరియడ్‌లో ఆటలు ఆడిస్తున్నారట. వీడు ఇంటికొచ్చి ప్రతిదానికీ 'ఎందుకు' అంటున్నాడు. వాదించడం మీరు నేర్పిస్తున్నారు, పడటం మేం పడుతున్నాం." పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, వెనక లైన్ ఉండటంతో సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇది.

ఈ వయసు పిల్లలు మనం నేర్పినా నేర్పకపోయినా వాదిస్తారు. గొంతు పెంచడం, అలగడం, ధడాలున తలుపు వేసుకోవడం, "అందరికీ ఉంది, నాకే లేదు" అనడం, అన్నీ వాళ్లకు తెలిసిన వాదనలే. కారణం చెప్పి ఒప్పించడం ఒక్కటే ఎవరో ఒకరు నేర్పాలి.

దీనికి మన దగ్గర పాత పేర్లే ఉన్నాయి. గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తనదంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాళ్ల మాట పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. ఆ మూడోది మనం ఇళ్లలో రోజూ వాడుతున్నాం, "వితండవాదం చెయ్యకు" అని. నేను ఈ మూడూ బోర్డు మీద రాసి, టీవీ చర్చల్లో ఏది ఎక్కువ కనిపిస్తుంది అని అడిగాను. జవాబు మీరు ఊహించగలరు.

మొదటి ఆటకు ఒక టెన్నిస్ బంతి చాలు. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. అయితే ముందు మాట్లాడినవాళ్లు ఏమన్నారో తన మాటల్లో చెప్పి, "నువ్వన్నది ఇదేనా?" అని అడగాలి. అవునంటేనే తన మాట మొదలుపెట్టాలి. యూనిఫాం అవసరమా అనే విషయం మీద మొదటిసారి ఆడించినప్పుడు, "కాదు, నేనన్నది అది కాదు" తోనే సగం పీరియడ్ అయిపోయింది. పిల్లలు ఎదుటివాళ్ల మాట వినకుండా, తమ వంతు కోసం ఎదురు చూస్తున్నారని ఆ రోజే అర్థమైంది. (స్టాఫ్ మీటింగుల్లో మేమూ అంతేనేమో.)

కారణం చెప్పే పద్ధతికి కూడా న్యాయశాస్త్రంలోని పాత ఉదాహరణే తీసుకున్నాను. ఆ కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ వస్తోంది, పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లోలాగా, ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, కాబట్టి నిప్పుంది. వెంటనే చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. "మేడం, మేం లంబసింగి వెళ్లినప్పుడు కొండంతా తెల్లగా ఉంది. అది పొగ కాదు, మంచు." ఆ పీరియడ్‌కి అంతకంటే మంచి ప్రశ్న రాలేదు. కారణం చెబితే సరిపోదు, అది నిజంగా కారణమేనా అని చూసుకోవాలి. పరీక్షలో అభిప్రాయం రాయమని ఇచ్చే ప్రశ్నకు పేరా రాసే వరస కూడా ఇదే. సిలబస్ గురించి బెంగపడేవాళ్ల కోసం ఈ మాట చెబుతున్నాను.

రెండోది బెలూన్ ఆట. గాలి బెలూన్‌లో నలుగురు ప్రముఖులు ఉన్నారు, బరువెక్కువై కిందికి దిగిపోతోంది, ఒకరు దిగాలి. ఒక్కొక్కరి తరఫున ఒక్కో విద్యార్థి మాట్లాడతారు, క్లాసు ఓటేస్తుంది. మా బెలూన్‌లో కాటన్ దొర, కందుకూరి వీరేశలింగం, దుర్గాబాయి దేశ్‌ముఖ్, యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట గురించి, 1881లో రాజమండ్రిలో జరిపించిన వితంతు వివాహం గురించి పిల్లలు ఇంట్లో చదువుకుని వచ్చారు.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. సుబ్బారావు గారి తరఫున మాట్లాడిన అబ్బాయి అందరికంటే బాగా తయారై వచ్చాడు. భీమవరంలో పుట్టినాయన అమెరికాలో క్యాన్సర్ మందు దాకా ఎలా వెళ్లాడో చెబుతుంటే, ఇంకో జట్టు కుర్రాడు అతని ఇంగ్లిష్ ఉచ్చారణను అనుకరించాడు. క్లాసంతా నవ్వింది. ఓట్లలో సుబ్బారావు గారు దిగిపోయారు. నేను గెలిచినవాళ్లకు చప్పట్లు కొట్టించి గంట కొట్టగానే వెళ్లిపోయాను. ఆ తర్వాత రెండు వారాలు ఆ అబ్బాయి చెయ్యెత్తలేదు. వాదం నేర్పుతున్నాననుకుంటూ జల్పానికి బహుమతి ఇచ్చానని అప్పుడు తెలిసింది.

నియమాలు మార్చాను. మనిషిని అంటే ఆ జట్టుకు రెండు పాయింట్లు పోతాయి. ఓటు చీటీ మీద కారణం రాయాలి, "బాగా మాట్లాడాడు" అని రాస్తే చెల్లదు. ముందు పది నిమిషాలు తెలుగులో చర్చించుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పొచ్చు. ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగేమిటని కొందరు అడిగారు. ఆలోచన తయారయ్యాక భాష వెతుక్కోవడం తేలిక. రెండూ ఒకేసారి వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు మాట రాని పిల్లలే వెనకపడతారు, ఆలోచన లేనివాళ్లు కాదు. ఆ అబ్బాయి మళ్లీ మాట్లాడుతున్నాడు. ఉచ్చారణ పెద్దగా మారలేదు, నాకు తొందర లేదు.

మూడోది పక్షం మార్చే ఆట. సగంలో గంట కొడతాను, అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు మాట్లాడాలి. విషయం: తొమ్మిదో తరగతి పిల్లలకు సొంత ఫోన్ ఇవ్వాలా? అంతవరకూ ఫోన్ కావాలని గట్టిగా వాదించిన కుర్రాడు అమ్మానాన్నల వైపుకి మారాల్సి వచ్చింది. కాసేపు ఆలోచించి, "ఫోన్ ఇస్తే వాడు ఇంట్లోనే ఉన్నా మాకు కనబడడు" అన్నాడు. క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఆ మాట నేను చెప్పి ఉంటే ఎవరూ వినేవారు కాదు.

మీటింగ్‌లో అడిగిన అమ్మగారికి ఇక నా జవాబు. మీ అబ్బాయి "ఎందుకు" అన్నప్పుడు, "ముందు నేను చెప్పింది నీ మాటల్లో చెప్పు" అనండి. చెప్పలేకపోతే వాడు వినలేదన్నమాట, చర్చ అక్కడితో ఆపేయొచ్చు. చెప్పగలిగితే, మీరూ ఒక్క కారణమైనా చెప్పండి. కారణాలు విన్నాక కూడా కాదనే హక్కు మీకుంది, ఆ సంగతి క్లాసులో నేనూ చెబుతూనే ఉంటాను. గొంతు పెంచితే మాత్రం మా నియమమే: రెండు పాయింట్లు కట్. అది ఇద్దరికీ వర్తిస్తుందని పిల్లలు చెప్పమన్నారు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు చివరి అరగంట తొమ్మిదో తరగతి గదిలో ఈ ఆట ఉంటుంది, ఒక జట్టులో మీరు, ఇంకో జట్టులో పిల్లలు. విషయం వాళ్లే ఎంచుకున్నారు: ఆదివారం స్టడీ అవర్ ఉండాలా? ఎవరు ఏ పక్షమో చీటీ తీస్తాం. సగంలో గంట కొడతాను.